కదలిక లేని దేహము - గుండెకు కీడు

(వెలుగోడులో జరిగిన సంఘ కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ దినములలో అందరూ మన సంఘ చరిత్రను గూర్చి, ఆత్మీయాభివృద్ధిని గూర్చి మాట్లాడుచున్నారు. నన్ను మాత్రము ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలచేత కసరత్తు చేయించిన డ్రిల్లు మాస్టరును. అయినను ఈ విషయము మాట్లాడుటకు నాకొక హక్కున్నది. అది ఏలాగు వచ్చినదో ముందుగా చెప్పుకొని, తరువాత అసలు సంగతికి వస్తాను.

ఉద్యోగములో ఉన్నంతకాలము తెల్లవారక ముందే మైదానములో ఉండేవాడిని. ఈలవేసి పిల్లలను పరుగెత్తించుటే గాక వారితో కూడ పరుగెత్తేవాడిని. పదవీ విరమణ అయిన నెలలోనే ఒక స్కూటరు కొన్నాను. ఇంతకాలము కష్టపడ్డాను, ఇక సుఖపడతాను అనుకున్నాను. పాలకేంద్రము మా ఇంటికి రెండు వందల అడుగుల దూరము. అక్కడికీ స్కూటరే. కూరగాయలకూ స్కూటరే, గుడికీ స్కూటరే. పొద్దున పేపరు, మధ్యాహ్నము నిద్ర, సాయంత్రము టీవీ. నాలుగేండ్లు ఇట్లే గడిచాయి. ఒళ్ళు పెరిగింది. చూచినవారు, "మాస్టరుగారు రిటైరయ్యాక నిండుగా తయారయ్యారు" అని మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను.

ఒక క్రిస్మసు ముందురోజున గుడిలో బల్లలు సర్దుచుండగా రొమ్ము మీద ఎవరో రాయి పెట్టినట్లయింది. ఎడమ చేయి లాగింది, దవడ పట్టేసింది, చెమటలు పోశాయి. గ్యాసు అనుకొని సోడా తాగి కూర్చున్నాను. కొంతసేపటికి తగ్గింది. పండుగ పూట ఇంటిల్లిపాదిని కంగారు పెట్టడమెందుకని రెండు దినములు ఎవరికీ చెప్పలేదు. మూడవనాడు మళ్ళీ వస్తే అప్పుడు ఆసుపత్రికి పోయాను. గుండెకు రక్తమునిచ్చే నాళములు సన్నబడ్డాయన్నారు. బి.పి. ఉన్నదట, చక్కెర ఉన్నదట. నాకు తెలియనే తెలియదు. అన్నీ అడిగిన తరువాత ఆ డాక్టరుగారు చివరికొక ప్రశ్న వేశారు: "మాస్టారూ, మీరు రోజుకు ఎంత దూరం నడుస్తారు?"

తలవంచుకున్నాను. ఊరి పిల్లలందరికీ నడక నేర్పినవానికి ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది. దేవుని కృపవలన బ్రతికి ఈరోజు మీ ముందు నిలువబడ్డాను గనుక, ఆ జవాబు లేని ప్రశ్నను మీలో ప్రతి ఒక్కరి ముందు ఉంచుచున్నాను.

మన పెద్దలు నడిచిన దారి

మన ప్రాంతములో సువార్త వ్యాపించిన విధము ఆలోచించండి. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు, గిద్దలూరు మొదలైన ఎస్.పి.జి. మిషను కేంద్రములనుండి ఉపదేశులు పల్లెపల్లెకు పోయారు. వారికి మోటారు బండ్లు లేవు. నల్లరేగడిలో వానకాలము మోకాటిలోతు బురద, ఎండాకాలము కాళ్ళు కాల్చే నేల. భుజమున సంచి, చేత కర్ర, సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకము. ఒక పల్లెలో ఉదయకాల ప్రార్థన జరిపి, ఇంకొక పల్లెలో రాత్రి బడి చెప్పి, దీపము పట్టుకొని తిరిగి వచ్చేవారు. 1912లో దోర్నకలుకు బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్యగారంతటివారు ఎడ్లబండి మీదను సైకిలు మీదను తిరిగి గ్రామ సంఘములను దర్శించారు. ఆదివారము ఆరాధనకు చుట్టుపట్ల పల్లెలవారు చంకన బిడ్డను, చేత చెప్పులను పట్టుకొని నడచి వచ్చేవారు.

వారిలో ఎవరూ దానిని వ్యాయామము అనలేదు. బ్రతుకు అన్నారు. మా అవ్వ కోడి కూయగానే లేచి విసుర్రాయి ముందు కూర్చొని జొన్నలు విసిరేది. తరువాత బావికి పోయి నీళ్ళు చేది, బిందె చంకనెత్తుకొని వచ్చేది. మా అబ్బ మడక పట్టుకొని పొద్దంతా సాళ్ళ వెంబడి నడిచేవాడు.

ఆ కష్టమే మళ్ళీ రావాలని నేను కోరుట లేదు. బిందెలు మోసి నడుములు వంగిపోయిన తల్లులను నేను చూశాను. రోగము వచ్చి బండి దొరకక దారిలోనే ప్రాణము విడిచినవారిని గూర్చి మీరూ విన్నారు. కొళాయి వచ్చింది, పిండి మర వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, వరికోత యంత్రము వచ్చింది, ఇంటింటికి మోటారు సైకిలు వచ్చింది. ఇవన్నీ మేలులే, వీటికొరకు దేవుని స్తుతించవలసినదే. అయితే ఈ మేలులు మన చేతులనుండి కష్టము తీసివేసినప్పుడు, దానితోపాటే గుండెను కాపాడుచుండిన కదలికను కూడ తీసుకొనిపోయాయి. ఆ పోయినదానిని మనము ఎత్తి మరల పెట్టుకొనలేదు. నేను చెప్పదలచిన సంగతి ఇదే.

బస్సులోని ఇద్దరు మనుష్యులు

కూర్చొని ఉండుటవలన గుండెజబ్బు వస్తుందని ఎవరు కనిపెట్టారు అని అడుగుదురేమో. లండను నగరములో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఒక పరిశోధన చేశాడు. ఆ ఊరి బస్సులు రెండంతస్తులవి. ప్రతి బస్సుకు ఒక డ్రైవరు, ఒక కండక్టరు. ఇద్దరూ ఒకే తరగతి మనుష్యులు. ఒకే సంస్థ, ఒకే బస్సు, ఒకే దారి. డ్రైవరు పని వేళలో దాదాపు అంతసేపు కూర్చొనే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టుచు రోజుకు అయిదారు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. వేలాది మంది లెక్కలు తీసి చూడగా, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినవారికి కూడ పెద్ద వయస్సులో, తేలికగా వచ్చింది. డ్రైవర్లలో అకస్మాత్తుగా చనిపోయినవారు ఎక్కువ. ఈ సంగతి 1953లో ప్రచురింపబడింది.

"డ్రైవర్లు మొదటినుండే లావుగా ఉన్నారేమో" అని కొందరు అనుమానించారు. మోరిసుగారు వారికిచ్చిన యూనిఫారము కొలతలు తెప్పించి చూశారు. నిజమే, డ్రైవర్ల నడుము కొలత కొంత ఎక్కువే. అయినా సన్నని డ్రైవర్లలో కూడ సన్నని కండక్టర్లకంటె జబ్బు ఎక్కువగానే కనబడింది. తపాలా శాఖలోనూ అట్లే: ఉత్తరాలు పంచుచు తిరిగే పోస్టుమేనుకంటె కుర్చీలో కూర్చొని పనిచేసే ఉద్యోగికి గుండెజబ్బు ఎక్కువ. మోరిసుగారు తాను చెప్పినదానిని తానే పాటించి 99 సంవత్సరములు జీవించి 2009లో మరణించారు.

"అది సీమ సంగతి, మనకెందుకు?" అంటారేమో. మన దేశపు లెక్క ఒకటి వినండి. హైదరాబాదు, బెంగుళూరు, నాగపూరు, లక్నో నగరములలోని కర్మాగారాలకు పల్లెలనుండి పనికి పోయినవారిని, వారి ఊళ్ళలోనే ఉండిపోయిన తోబుట్టువులను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఆ ఫలితములు 2010లో వెలువడ్డాయి. పురుషులలో చూస్తే, పల్లెలోనే ఉన్నవారిలో నూటికి 6 మందికి చక్కెర వ్యాధి ఉండగా, పట్నము పోయినవారిలో 14 మందికి ఉన్నది. అధిక బరువు పల్లెలో నూటికి 19 మందికి. పట్నము పోయినవారిలో 38 మందికి. ఒక తల్లి బిడ్డలే, ఒక ఇంటి సంగటి తిని పెరిగినవారే. మారినది రక్తము కాదు, బ్రతికే తీరు. తిండి మారింది, దానితోపాటు ఒంటి కష్టము తగ్గింది.

"అయితే మనము పల్లెవాండ్లము గదా, మనకు భయము లేదు" అని సంతోషపడవద్దు. మన రాష్ట్రములోనే గోదావరి జిల్లాలలో 45 గ్రామములలో, సుమారు 1,80,000 మంది జనాభాలో, 2003-2004లో ఒక సంవత్సర కాలములో జరిగిన 1,354 మరణములకు కారణములు విచారించారు. ఇంటింటికి పోయి, చనిపోయినవారి బంధువులను అడిగి తెలుసుకున్నారు. మలేరియా, క్షయ, విరేచనాలవంటి అంటురోగములే ముందుంటాయని పాతకాలపు అంచనా. కాని నూటికి 32 మరణములకు గుండె, రక్తనాళముల జబ్బులే కారణమని తేలింది. అంటే పల్లెలో లేచిన ప్రతి మూడు శవములలో దాదాపు ఒకటి. గుండెపోటు పట్నవాసపు దొరల జబ్బు అనే మాటకు కాలము చెల్లిపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2022 నాటికి మన దేశములో పెద్దవారిలో సగము మందికి దేహమునకు చాలినంత కదలిక లేదు. స్త్రీలలో నూటికి 57 మంది, పురుషులలో 42 మంది. ప్రపంచమంతటిని కలిపి చూస్తే నూటికి 31 మంది మాత్రమే. ఈ విషయములో మనము ప్రపంచముకంటె వెనుకబడియున్నాము.

కాలువ పారుచుండవలెను

లోపల జరిగేది ఏమిటో మనకు తెలిసిన ఉపమానముతో చెబుతాను. మన వెలుగోడు జలాశయము తెలుగు గంగలోనిది. శ్రీశైలము కృష్ణ నీళ్ళు పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకొని, బానకచెర్ల మీదుగా మన ఊరికి వచ్చి, ఇక్కడినుండి బ్రహ్మంసాగరము వైపు సాగిపోతాయి. నిండుగా నీరు పారే కాలువలో పూడిక తక్కువ. నాలుగు నెలలు నీళ్ళు వదలకపోతే జమ్ము మొలుస్తుంది, ఒండ్రు పేరుకుంటుంది. తరువాత ఒక్కసారి నీరు వదిలితే కట్ట మీదికి ఎక్కుతుంది; చివరి పొలానికి మాత్రము చుక్క అందదు.

మన రక్తనాళము కాలువవంటిదే గాని, మట్టి కాలువ కాదు, జీవముగల కాలువ. దాని లోపలి గోడకు అతి పలుచని పొర ఒకటి ఉన్నది. మనము నడచినప్పుడు రక్తము వడిగా పారి ఆ పొరను ఒరసుకొని పోతుంది. ఆ ఒరపిడికి అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది. దానివలన నాళము విప్పారుతుంది, మెత్తగా ఉంటుంది, రక్తము గడ్డకట్టి అంటుకొనదు. ఈ వాయువు చేసే పనిని కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. దినమంతా కూర్చున్నవానిలో ఈ మేలు తగ్గిపోతుంది. పొర చెడుతుంది, దానిలోనికి కొవ్వు దూరుతుంది, నాళము గట్టిపడుతుంది, సన్నబడుతుంది. ఒకనాడు ఆ కొవ్వు పుండు పగిలి దానిమీద రక్తము గడ్డకడితే, గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతము.

రెండవది, కండరములు. తిన్న అన్నములోని చక్కెరను ఎక్కువగా ఖర్చుపెట్టేవి కండరములే. అవి పనిచేస్తే రక్తములోని చక్కెరను తీసుకుంటాయి. పని లేకపోతే చక్కెర రక్తములోనే నిలుస్తుంది. మిగిలినది కొవ్వుగా మారి పొట్టలో చేరుతుంది. మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది, రక్తపు పోటు పెరుగుతుంది. బి.పి. ఉన్నవారు క్రమముగా నడిస్తే పై అంకె 5 నుండి 8 వరకు తగ్గవచ్చు.

మూడవది, గుండె తానే ఒక కండరము. పిడికిలి అంత ఉండే ఈ అవయవము నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దినమునకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. నడక అలవాటున్న గుండెకు బలము ఎక్కువ గనుక, అదే పనిని నిమిషానికి 60 దెబ్బలతో చేయగలదు. దినమునకు 14,400 దెబ్బలు మిగులుతాయి. ఎద్దుకైనా మనము కాసేపు కాడి దించి విశ్రాంతి ఇస్తాము. గుండెకు మనము ఇవ్వగలిగిన విశ్రాంతి ఇది ఒక్కటే.

కదలక పడియుండుట ఎంత కీడో అమెరికాలోని డల్లాసు నగరములో 1966లో చూశారు. 20 ఏండ్ల ఆరోగ్యవంతులైన యువకులను అయిదుగురిని మూడు వారములు మంచము దిగకుండా ఉంచారు. వారి దేహ శక్తి నాలుగవ వంతుకు మించి పడిపోయింది. ముప్పది యేండ్ల తరువాత ఆ అయిదుగురినే పిలిచి పరీక్షిస్తే, ముప్పది యేండ్ల వయస్సు వారికి చేసిన నష్టముకంటె ఆ మూడు వారముల మంచము చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఇందులో శుభవార్త కూడ ఉన్నది. ఆ యాభై ఏండ్లవారికి ఆరు నెలలు క్రమముగా వ్యాయామము చేయించగా, వయస్సువలన పోయిన శక్తి తిరిగి వచ్చింది. కనుక "మాకు వయస్సు అయిపోయింది, ఇప్పుడు నడిస్తే ఏమి లాభము?" అనువారికి ఇదే నా జవాబు.

అయితే ఒక మాట న్యాయముగా చెప్పవలెను. గుండెజబ్బుకు కదలిక లేకపోవుట ఒక్కటే కారణము కాదు. బీడీ, సిగరెట్టు, బి.పి., చక్కెర, ఉప్పు, కుటుంబములో వచ్చే గుణము, ఇవన్నీ ఉన్నాయి. 2012లో వేసిన ఒక అంచనా ప్రకారము, ప్రపంచములోని గుండె రక్తనాళముల జబ్బులో నూటికి 6 పాళ్ళు కదలిక లేకపోవుటవలననే. ఆరు పాళ్ళేనా అనవద్దు. కదలిక లేకపోవుట బి.పి.ని, చక్కెరను, బరువును కూడ పెంచుతుంది. పైగా కొన్ని కారణములు మన చేతిలో లేవు. ఇది మన చేతిలో, కాదు, మన కాళ్ళలో ఉన్నది. చక్కగా నడిచినవారికి కూడ గుండెపోటు రావచ్చు. కనుక చనిపోయినవారి ఇంటికి పోయి, "నడిచి ఉంటే బ్రతికేవాడు" అని ఎన్నడూ అనవద్దు. ఆ మాట వైద్యమూ కాదు, ఓదార్పూ కాదు.

విశ్రాంతి వేరు, సోమరితనము వేరు

విశ్వాసులలో కొందరు, "దేహము మన్నే గదా, ఆత్మను చూచుకుంటే చాలు" అంటారు. పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాసినప్పుడు మన దేహమును పరిశుద్ధాత్మకు ఆలయముతో పోల్చాడు. మనము కట్టిన గుడికి ఏటేటా సున్నము వేస్తాము, కప్పు కారితే చందాలు వేసుకొని బాగు చేయిస్తాము. ఆయన కట్టిన గుడిని మాత్రము బూజుపట్టనిస్తామా?

కొందరు విశ్రాంతి దినమును చూపిస్తారు. ఆ ఆజ్ఞలో ఏడవ దినమునకు ముందు ఆరు దినములు ఉన్నవి. పని చేసినవానికి విశ్రాంతి వరము. పని చేయనివానికి విశ్రాంతి అనేదే లేదు. వాడు దేనినుండి విశ్రమిస్తాడు? నేను రిటైరయిన తరువాత విశ్రాంతి అనుకున్నది విశ్రాంతి కాదని రొమ్ము నొప్పి వచ్చినప్పుడు గాని తెలియలేదు.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో చిన్న సంగతి ఒకటి ఉన్నది. మనము చదివి దాటిపోతాము. త్రోయనుండి అస్సుకు పోవలసివచ్చినప్పుడు తోటివారందరు ఓడ ఎక్కారు. ఓడలో పౌలుకు కూడ చోటున్నది. అయినను ఆయన తాను నడచి వస్తానని చెప్పి, వారిని ముందుగా పంపి, సుమారు 30 కిలోమీటర్లు కాలినడకన పోయి అస్సులో ఓడ ఎక్కాడు. ముందు రాత్రి తెల్లవారేదాక ప్రసంగించినవాడు! ఎందుకు నడిచాడో లూకా వ్రాయలేదు. ఏకాంత ప్రార్థనకని పెద్దలు అంటారు. కారణము ఏదైనను, ఓడ ఉండగా నడక ఎన్నుకొన్నాడు. మనకు కావలసినది అదే. మా అబ్బకు బండి లేదు గనుక నడిచాడు. మనకు బండి ఉన్నది. అయినను నడచుట మనము ఎన్నుకొనవలెను.

ఏమి చేయవలెను?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారము, పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెను. అంటే వారములో అయిదు దినములు, దినమునకు అరగంట వడిగా నడిస్తే చాలు. ఒకేసారి కుదరకపోతే ఉదయము పావుగంట, సాయంత్రము పావుగంట. వారానికి రెండుసార్లు కండరములకు బలమునిచ్చే పని కూడ ఉండవలెను. పెరడు తవ్వుట, బరువులెత్తుట, కుర్చీలోనుండి చేతుల ఆసరా లేకుండ పదిసార్లు లేచి కూర్చొనుట, ఇవి చాలును.

ఎంత వడిగా నడవాలో తెలుసుకొనుటకు గడియారము అక్కరలేదు. నడుచుచుండగా పక్కవారితో మాట్లాడగలగాలి, కాని కీర్తన ఎత్తుకొని పాడలేకపోవాలి. కీర్తన హాయిగా పాడగలిగితే నడక చాలలేదని. మాట కూడ రాకపోతే ఎక్కువైనదని.

దర్జీలు, అంగడివారు, డ్రైవర్లు, కంప్యూటరు ముందు పనిచేసే మన బిడ్డలు దినమునకు ఎనిమిది గంటలు కూర్చొనక తప్పదు. వారు నిరాశపడనక్కరలేదు. పది లక్షల మందికి పైగా లెక్కలు చూచి 2016లో తేల్చినదేమనగా, దినమునకు ఒక గంట, గంటంబావు వడిగా కదిలేవారికి అంతసేపు కూర్చొనుటవలన కలిగే హాని దాదాపు తీరిపోతుంది. అంత కుదరకపోయినా, గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. మన పిక్కలలోని కండరములు కాళ్ళలోని రక్తమును పైకి తోసే రెండవ గుండెవంటివి. కదలకపోతే రక్తము కాళ్ళలోనే నిలుస్తుంది.

కూలికి పోయి పొద్దంతా వంగి కలుపు తీసే తల్లులకు నేను ఈ బోధ చేయను. వారికి కావలసినది నడక కాదు, సరియైన తిండి, విశ్రాంతి, బి.పి. పరీక్ష. నేను చెప్పేది ఇంటిపట్టున ఉండి, ఇంటి పనే వ్యాయామమని సరిపెట్టుకునే సహోదరీలకు. మిక్సీ, గ్యాసు, కొళాయి వచ్చిన తరువాత ఇంటి పనిలో మనస్సు అలసిపోతుంది గాని గుండెకు పని చాలదు. ఆడవారు ఒంటరిగా నడిస్తే ఊరివారు ఏమనుకుంటారో అనే సంకోచము ఉన్నది. స్త్రీల సహవాసమువారు నలుగురైదుగురుగా కలిసి నడిస్తే ఆ సంకోచము పోతుంది. ఇంటి పురుషులు ఆ అరగంట పొయ్యి దగ్గర నిలబడితే ఇంకా మంచిది.

జాగ్రత్తలు కూడ వినండి. రొమ్ము నొప్పి, ఆయాసము, చక్కెర, బి.పి. ఉన్నవారు ముందుగా వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను. మొదటి దినమే మైలు దూరము పరుగెత్తవద్దు. పది నిమిషములతో మొదలుపెట్టండి. నడుస్తున్నాము గదా అని బి.పి. మాత్రలు మానవద్దు. వేసవిలో ఎండకు ముందే నడవండి. రొమ్ము బిగబట్టి, చెమటపట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే నావలె సోడా తాగి కూర్చొనవద్దు. స్త్రీలలోను చక్కెర రోగులలోను నొప్పి లేకుండ ఆయాసము, వాంతి, నీరసము మాత్రమే రావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. గ్యాసా, గుండెనా అని తేల్చవలసినది డాక్టరు, మనము కాదు. నేను పోగొట్టుకున్న రెండు దినములు మీరు పోగొట్టుకొనవద్దు.

సంఘమునకు నా మనవి

చివరిగా సంఘ పెద్దలకు మూడు మనవులు. మొదటిది: గుడికి ఒక కిలోమీటరు లోపల ఉన్నవారు, నడవగలిగినవారు, ఆదివారము నడచి వచ్చునట్లు ప్రోత్సహించండి. ముసలివారిని, చంటిబిడ్డల తల్లులను బండ్ల మీద తీసుకొనిరండి. ఇప్పుడు గుడి ముందు మోటారు సైకిళ్ళు నిలుపుటకు చోటు చాలుట లేదు. చెప్పులు విడుచుటకు మాత్రము చోటు బోలెడు. రెండవది: రోగుల దర్శనమునకు, గృహ ప్రార్థనలకు మన వీధులలో నడచి పోదాము. స్కూటరు మీద పోయినవానికి ఇల్లు మాత్రమే కనబడుతుంది. నడచి పోయినవానికి అరుగు మీద దిగులుగా కూర్చున్న పొరుగువాడు కూడ కనబడతాడు. మూడవది: ఏటా ఒకసారైనా ఆరాధన తరువాత బి.పి., చక్కెర పరీక్షలు ఏర్పాటు చేయండి. నంద్యాలలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది; అక్కడివారిని గాని దగ్గరి ఆరోగ్య కేంద్రమువారిని గాని అడగవచ్చు. మొదటి సంవత్సరమే నావలె తెలియక తిరుగుచున్నవారు ఎందరో బయటపడతారు.

ఇప్పుడు నా దినచర్య చెప్పి ముగిస్తాను. స్కూటరు మా మనుమడికిచ్చివేశాను. తెల్లవారుజామున లేచి జలాశయము వైపు నడుస్తాను. మొదటి వారము పది నిమిషములకే ఆయాసము వచ్చేది. ఇప్పుడు ముప్పావుగంట నడుస్తాను. నల్లమల కొండల వెనుకనుండి పొద్దు పొడుచుచుండగా నీళ్ళ మీద ఆ వెలుగు చూస్తాను. ఒకప్పుడు నా శిష్యుడు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి, మోటారు సైకిలు మీద పోతూ నన్ను చూచి ఆపి, "సార్, ఎక్కండి, దింపుతాను" అంటాడు. "వద్దు నాయనా, నువ్వే దిగు" అంటాను. మొదట్లో నవ్వి పోయేవాడు. గత నెల ఒకనాడు దిగాడు. బండి చెట్టు కింద పెట్టి నాతో కట్ట చివరిదాక నడిచాడు. వాడికింకా నలభై నిండలేదు. వాళ్ళ నాయన గుండెపోటుతో పోయాడు.

మన పెద్దలు నడచివచ్చి మనకు సంఘమును అప్పగించారు. మన బిడ్డలకు మనము ఆస్తులు అప్పగించలేకపోవచ్చు. తండ్రులు, తల్లులు వారికి ఇంకొన్నాళ్ళు మిగిలియుండునట్లు చూచుకొనుట మాత్రము కొంతవరకు మన కాళ్ళలోనే ఉన్నది. దేవుడు మన అడుగులను స్థిరపరచి, మన గృహములను కాపాడును గాక.  దయచేసి ఇప్పుడు అందరూ లేచి నిలువబడండి.